మూలవిరాట్టు లేని ఉత్సవమూర్తులు

2025 అక్టోబరులో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలిపోయినది. పేరు సైతము మార్చుకొని ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’ అయినది. మూడున్నర సంవత్సరములకు పూర్వము ఇండియన్ సూపర్ లీగులో విజేతగా నిలిచిన జట్టు ఇదియే. క్రికెట్టు వార్తల సందడిలో ఈ సంగతి ఎందరి చెవిని పడినదో చెప్పలేను గాని, పడినవారిలో నేనొకడను. ఆనాటి నుండి దీనిని గూర్చి వ్రాయవలెనని మనస్సు తొందరపెట్టుచునే ఉన్నది. కార్తికమాసపు అభిషేకములు, ఆ వెంటనే ధనుర్మాసము వచ్చి ఆ పని వెనుకబడినది.

అధ్యాసను గూర్చియో, పంచకోశవివేకమును గూర్చియో చదువదలచి వచ్చిన పాఠకమహాశయులు ఇచట ఫుట్‌బాలు, హాకీ, అమెరికా కళాశాలల బాస్కెట్‌బాలు కనబడుట చూచి కనుబొమలు ముడువవచ్చును. వారికి ఒక్క మాట. ఆటను ప్రేమించువానికి మన తెలుగువారు పెట్టిన పేరు ‘అభిమాని’. ఈ పదము క్రీడారంగమున పుట్టినది కాదు, వేదాంతమున పుట్టినది. స్థూలదేహమును ‘నేను’ అనుకొనువాడు దేహాభిమాని. జాగ్రదవస్థకు అభిమాని విశ్వుడు, స్వప్నమునకు తైజసుడు, సుషుప్తికి ప్రాజ్ఞుడు. శంకరభగవత్పాదులు అధ్యాసభాష్యములో, భార్యాపుత్రుల కొరతను, నిండుదనమును తనయందే ఆరోపించుకొను మానవుని ఉదాహరణముగా చూపినారు. గోవాలో ఎవడో ఆపిన బంతికి మేళ్లచెరువులో ఒక అర్చకుడు ‘గెలిచితిమి’ అని తొడ చరచుట అదే కోవలోనిది. కావున ఇది మన విషయమే.

అయితే ‘అభిమాని’ శబ్దమునకు మరొక ప్రయోగము కూడ కలదు. వాక్కునకు అగ్ని అభిమానిదేవత, నేత్రమునకు సూర్యుడు. ఇచట అభిమానము భ్రాంతి కాదు, అధిష్ఠానము. ఆ దేవత తొలగిన యెడల ఆ ఇంద్రియము జడము. ఆటను చూచువాడు ఈ రెండు అర్థములలో ఏ అర్థమున అభిమాని? దేహమును చూచి నేననుకొను భ్రాంతుడా, లేక తాను లేనిదే ఆ జట్టునకు ప్రాణము లేని అధిష్ఠాతయా? క్లబ్బు ఢిల్లీకి పోయిన తరువాత నన్ను వదలని ప్రశ్న ఇదియే.

నాకు ఈ వ్యసనము చెవి ద్వారా అంటుకొన్నది. వేదపాఠశాలలో సంహిత వల్లించు బాల్యమున, పొరుగింటి రేడియోలో హాకీ వ్యాఖ్యానము వినబడుచుండెడిది. హిందీ ఏమియు అర్థము కాకపోయినను, స్వరము పెరుగుటను బట్టి బంతి ఏ వైపునకు పోవుచున్నదో పోల్చుకొనెడివాడను. ఉదాత్తానుదాత్తములకు అలవడిన చెవికి అదొక విద్య కాదు. 1980లో మాస్కో ఒలింపిక్సులో స్పెయినుపై 4–3 తేడాతో మనవారు స్వర్ణము గెలిచిన వార్తను అట్లే విన్నాను. అటుపిమ్మట నలుబది ఏండ్లకు పైగా హాకీలో స్వర్ణము లేదు, అయినను ఆ చెవి వదలలేదు. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నది. ప్రదోషపూజ ముగిసి, గర్భాలయపు తలుపు వేసిన తరువాత చూచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు, ఇంటిలో తప్ప.

ఆగమశాస్త్రమున బింబములు చలములనియు, అచలములనియు రెండు విధములు. గర్భాలయమున ప్రతిష్ఠింపబడి కదలనిది అచలము, దానినే మూలవిరాట్టు అందుము. పల్లకిలోను, రథముమీదను ఊరేగునది చలము, అదియే ఉత్సవమూర్తి. జనులు ఎక్కువగా చూచునది ఉత్సవమూర్తినే. అలంకారము దానికే, మేళతాళములు దానికే, హారతిపళ్లెములో రూపాయలు పడునది దాని యెదుటనే. కాని దాని శక్తి దానిది కాదు, మూలమునుండి వచ్చినది. ఊరేగింపు ముగియగానే మరల ఆలయములోనికి చేరవలసినదే. మా ఊరి శంభులింగేశ్వరస్వామి స్వయంభువు. లింగము శిరస్సునందలి చిన్న గుంటలో ఎప్పుడును నీరు ఉండును, తీసిన కొలదిని ఊరును. లింగము పెరుగుచున్నదని కూడ పెద్దల విశ్వాసము. కోటీశ్వరుడు వచ్చి కొనెదనన్నను కదిలించుటకు వీలులేని దైవము అది.

నేటి వృత్తిక్రీడా జట్టులను చూచునపుడు నాకు ఈ భేదమే స్ఫురించును. రంగుల దుస్తులు, బాణసంచా, పాటలు, వేలములో కోట్లు. పల్లకి ఘనముగానే ఉన్నది. దీని మూలస్థానము ఎక్కడ అని వెదకినచో చాల చోట్ల గర్భాలయము ఖాళీ.

హైదరాబాదునకు అట్టి మూలము ఒకప్పుడు ఉండెడిది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిచేత ఉపాధ్యాయుడు. ‘రహీమ్ సాబ్’ అని పిలుతురు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. అదే కాలమున ఆయన భారతజట్టునకు శిక్షకుడు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణములు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము ఆయన కాలమునాటివి. జకార్తా తుదిపోరులో దక్షిణ కొరియాపై 2–1 తేడాతో గెలిచిన మరుసటి సంవత్సరమే, 1963 జూన్‌లో, క్యాన్సరు వ్యాధితో ఆయన కాలము చేసినారు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ శిష్యపరంపరలోని వాడు. పోలీసు ఉద్యోగము, గల్లీలోని మైదానము, పొద్దున్నే లేపి పరుగెత్తించు గురువు, ఇంతియే ఆ జట్టు సంపద. ఎవడైన ధనికుడు దానిని కొని మరొక ఊరికి తీసికొనిపోదమన్నను, తీసికొనిపోవుటకు ఏమున్నది? బంతులు మాత్రమే.

ఇప్పుడు వెళ్లిపోయిన క్లబ్బు కథ వేరు. 2019లో పుణె నగరపు జట్టు మూతపడగా, లీగులో దాని స్థానమున హైదరాబాదు జట్టు వచ్చినది. అదే సంవత్సరము ఢిల్లీ జట్టు భువనేశ్వరమునకు తరలి ఒడిశా జట్టు అయినది. ఇప్పుడు హైదరాబాదు జట్టు ఢిల్లీకి పోయినది. పుణెలో తనువు చాలించి హైదరాబాదులో పుట్టి, ఇచట పేరు విడిచి ఢిల్లీలో మరల పుట్టుట చూచి, పునర్జన్మ సిద్ధాంతమును లీగు నిర్వాహకులు మనకంటె గట్టిగా నమ్ముచున్నారని మా ఇంటిలో నేను పరిహాసమాడుచుంటిని. ఒక్క భేదము మాత్రము కలదు. మన సిద్ధాంతమున దేహము మారినను జీవుడు ఒక్కడే, కర్మశేషము వెంట వచ్చును. ఇచట వెంట వచ్చునది లైసెన్సు మాత్రమే. పుణెవాసి అభిమానము హైదరాబాదునకు రాలేదు, నా అభిమానము ఢిల్లీకి పోలేదు.

2022 మార్చి 20న జరిగిన ఆ తుదిపోరు మంచి ఆట. కేరళ బ్లాస్టర్స్ ముందు గోలు చేసినది. ఇక రెండు నిమిషములలో ముగియుననగా సాహిల్ తవోరా గాలిలోని బంతిని దూరమునుండి తన్ని సమము చేసినాడు. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపినాడు, 3–1. ఆ సంవత్సరము నైజీరియా దేశీయుడైన ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ చేసినాడు. స్పెయిను దేశపు శిక్షకుడు మనోలో మార్కెజ్ పిల్లలను నమ్మి ఆడించినాడు. అన్నియు మెచ్చదగినవే. కాని కరోనా కారణమున ఆ ఋతువు మొత్తము గోవాలోనే జరిగినది. అనగా హైదరాబాదు ఛాంపియన్ అయిన సంవత్సరమున హైదరాబాదులో ఒక్క మ్యాచి కూడ లేదు. తవోరా గోవా వాడు, కట్టిమని గోవా వాడు, వారు ఆడినది గోవాలో. ఆ రాత్రి నేను ఎగిరి గంతులు వేసినమాట నిజమే. అది నామమునకు చేసిన నమస్కారమే గాని, దాని వెనుక రూపము ఏదియో ఆనాడు విచారింపలేదు.

నా అభిప్రాయమున ఆ జట్టు నిజముగా మనది అయినది 2023–24లో, అది చిట్టచివర నిలిచిన సంవత్సరమున. జీతములు అందలేదని వార్తలు వచ్చినవి. విదేశీయులలో పలువురు, పేరుపడిన దేశీయులలో పలువురు వెళ్లిపోయినారు. కొత్తవారిని తీసికొనుటకు నిషేధము. మిగిలినవారు అనుభవము లేని కుర్రవాండ్రు. 22 మ్యాచులలో ఒకే గెలుపు, 8 పాయింట్లు. ప్రతివారము ఓడుదుమని తెలిసియు బూట్లు కట్టుకొని దిగుట, ఎనుబదవ నిమిషమున కూడ పరుగెత్తుట చూచినాను. చెన్నైలో ఆ ఒక్క విజయము లభించిన దినమున నాకు కలిగిన సంతోషము గోవా కప్పునాడు కూడ కలుగలేదు. ఫలముపై ఆశ విడిచి కర్మ చేయుమని ఉపన్యాసములలో చెప్పుట సులభము. ఫలము రాదని ముందే తెలిసిన చోట కాలు కదపుట ఎంత కష్టమో ఆ కుర్రవాండ్రు చూపినారు.

దీనికి యజమానులు చెప్పు సమాధానము తెలిసినదే. గచ్చిబౌలి బాలయోగి స్టేడియములో గ్యాలరీలు నిండలేదు, నష్టము ఎంతకాలము భరింతుమని. ఆ మాటలో అసత్యము లేదు. సొంత డబ్బు పోయుచున్నవానిని ధర్మకర్తవలె నడువుమనుట కొంత అన్యాయమే. అయినను ఇచట నాకు వృత్తిరీత్యా ఒక ఆక్షేపణ కలదు. మన న్యాయశాస్త్రమున దేవతామూర్తి ఆస్తికి స్వయముగా హక్కుదారు. అర్చకుడు గాని, వంశపారంపర్య ధర్మకర్త గాని యజమాని కాడు, సేవకుడు. 1925లో కలకత్తా మల్లిక్ కుటుంబపు వ్యాజ్యము లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ వరకు పోయినది. సేవవంతు వచ్చిన వారు విగ్రహమును తమ ఇంటికి తరలించుకొనవచ్చునా అన్నది వివాదము. విగ్రహము ఇంటిసామాను కాదు, అది ఎక్కడ ఉండవలెనన్న విషయమున దాని ఇచ్ఛను కూడ విచారింపవలెను, దాని పక్షమున నిష్పక్షపాతియైన ఒకరిని నిలిపి వినవలెను అని తీర్పు వచ్చినది. నాకు అత్యంత ప్రియమైన తీర్పులలో ఇదొకటి. రాతివిగ్రహము ఇచ్ఛను అడుగగలిగిన న్యాయము, ఒక నగరము పేరు మోయు జట్టు విషయమున ఆ నగరమును ఒక్క మాట అడుగకపోవుట ఏమి? జర్మనీ దేశమున, కొన్ని మినహాయింపులు ఉన్నను, క్లబ్బులో సగముకంటె అధికమైన ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండవలెనన్న నియమము కలదు. ధనము తెచ్చినవాడు పల్లకి మోయవచ్చును, తలుపు తాళము మాత్రము ఊరిదే.

ఇచట ఒక అపార్థము తొలగింపవలెను. పరప్రాంతీయులు ఆడరాదని నేను చెప్పుట లేదు. మా శివరాత్రి జాతరలో ఎడ్ల పందెములు చూచినవారికి ఇది విశదమే. బరిలోనికి జత రాగానే మైకులో యజమాని పేరు, ఊరి పేరు చెప్పుదురు. ఊరివారు కేకలు వేయుదురు. ఆ ఎద్దులు ఆ ఊరిలోనే పుట్టినవా? లేదు. ఎక్కడనో లక్షలు పోసి కొన్నవి. అయినను ఆ ఊరి గడ్డి తిని, ఆ ఊరి చెరువులో నీరు త్రాగి, ఆ ఊరి కుర్రవాని చేత కడిగించుకొని వచ్చినవి. తెల్లవారుజామున ఆ ఊరి రోడ్డుమీదనే బండలాగుట అభ్యసించినవి. కొనుట తప్పు కాదు. కొన్న దానికి మన గడ్డి పెట్టవలెను.

హాకీ వైపు చూడుడు. ఏడేండ్లు ఆగిపోయిన హాకీ ఇండియా లీగు 2024 డిసెంబరు 28న మరల మొదలైనది. హైదరాబాదు పేరుతో ‘తూఫాన్స్’ జట్టు వచ్చినది. 2025 ఫిబ్రవరి 1న తుదిపోరులో బెంగాల్ జట్టు చేతిలో 4–3 తేడాతో ఓడినది. చివరి నిమిషముల వరకు ఎవరిదో తెలియని ఆట. లీగు మ్యాచులు రూర్కెలా, రాంచీ నగరములలోనే జరిగినవి, తుదిపోరు కూడ రూర్కెలాలోనే. హైదరాబాదు తూఫాను హైదరాబాదు తీరము దాటలేదు, పుట్టినదే బంగాళాఖాతమునకు ఆవల! ఆ జట్టులో నాకు మిక్కిలి నచ్చిన ఆటగాడు గొంజాలో పీలాత్. 68 లక్షలకు కొన్నారు. అర్జెంటీనాలో పుట్టి, 2016 రియో ఒలింపిక్సులో ఆ దేశమునకు స్వర్ణము తెచ్చినవారిలో ఒకడు. పిమ్మట జర్మనీకి ఆడి, 2023లో ఆ దేశముతో ప్రపంచకప్పు గెలిచినాడు. అతని పెనాల్టీ కార్నరు దెబ్బ చూడవలసినదే. బంతిని కఱ్ఱకు అంటించి ఈడ్చి విసరు ఆ ఒక్క క్షణములో నడుము, భుజము, మణికట్టు ఒకదాని వెనుక ఒకటి విప్పుకొనును. దేశము మారిన మనిషిని నిందింపను. చేతిలోని విద్యకు పాస్‌పోర్టు లేదు.

మా ఊరి సిమెంటు కర్మాగారములలో పనిచేయు ఒడిశావారు కొందరు సోమవారములలో గుడికి వత్తురు. వారిలో సుందర్‌గఢ్ జిల్లావాడు ఒకడు, ఆ తుదిపోరు మరునాడు ప్రసాదము తీసికొనుచు నన్ను చూచి నవ్వినాడు. “పంతులుగారూ, మీ హైదరాబాదు మా ఊర్లో ఓడిపోయింది” అన్నాడు. ఆ మాటలో గర్వము లేదు, ఉన్నది ఇల్లు. రూర్కెలాలో 2023 జనవరిలో తెరచిన బిర్సా ముండా స్టేడియములో 20 వేలమంది కూర్చుందురు. ఒడిశా ప్రభుత్వము 2018 నుండి భారత హాకీ జట్టులకే పోషకురాలు. అంతకు ఎంతో పూర్వమే ఆ జిల్లా పల్లెలలో వెదురుకఱ్ఱలతో, చెట్టువేళ్లతో పిల్లలు హాకీ ఆడుదురు. దిలీప్ తిర్కీ అచటివాడు, అమిత్ రోహిదాస్ అచటివాడు. స్టేడియము తరువాత వచ్చినది, మూలము ముందే ఉన్నది. ఆ కూలివాని యెదుట నాకు ‘మా జట్టు’ అని చెప్పుకొనుటకు జంకు కలిగినది.

మనకు మాత్రము హాకీవారు లేరా? హైదరాబాదు నుండి నందనూరి ముకేష్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్సులు ఆడినాడు. చిత్తూరు జిల్లా పల్లె నుండి ఎతిమరపు రజని భారత మహిళాజట్టునకు గోలుకీపరుగా చేరినది. వీరు ఎవరి పల్లకియు లేక నడిచి వచ్చినవారు. తూఫాను యజమానులకు నా విన్నపము ఒక్కటే. పీలాత్ వంటివానిని తప్పక కొనుడు. వానిచేత హైదరాబాదులో గాని, నల్లగొండలో గాని ఒక్క వారము పాఠశాలల పిల్లలకు కఱ్ఱ పట్టుట నేర్పించుడు. అది గడ్డి పెట్టుట.

ఇక బాస్కెట్‌బాలు. ఈ మార్గమున నన్ను దింపినవాడు మా తమ్ముని కుమారుడు. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయమున చదివినాడు. అచట కళాశాలల పోటీకి 68 జట్టులు. ఒక్కసారి ఓడినచో ఇంటికే. 2024 ఏప్రిల్‌లో కనెక్టికట్ పర్డ్యూ జట్టును 75–60 తేడాతో ఓడించి వరుసగా రెండవసారి విజేత అయినది. మన కాలమానమున అది ఏప్రిల్ 9 ఉదయము, క్రోధినామ సంవత్సర ఉగాది. పంచాంగశ్రవణమునకు గుడిలో చాపలు పరచుచుండగా వాడు ఫోను చేసి, “పెదనాన్నా, గెలిచినం!” అని కేక పెట్టినాడు. ఆ సంవత్సరపు కందాయఫలములు చదువుటకు ముందే మా ఇంటికి ఒక శుభవార్త వచ్చినది.

ఆ ఆటలో నన్ను ఆకర్షించినది బంతి కాదు, గురువు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రములో గణదాసుడు, హరదత్తుడు అను ఇరువురు నాట్యాచార్యులు తమలో ఎవరు గొప్ప అని రాజు యెదుట వాదులాడుదురు. తీర్పు చెప్పవలసిన పరివ్రాజిక, మీరు కాదు, మీ శిష్యులను ఆడించుడు అనును. అమెరికా కళాశాల బాస్కెట్‌బాలు మొత్తము ఆ ఒక్క అంకము. పిల్లలు పరుగెత్తుచుందురు, పక్కన కోటు ధరించినవాడు చెమటలు కార్చుచుండును. కనెక్టికట్ శిక్షకుడు డాన్ హర్లీని 2024 జూన్‌లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ అను వృత్తిజట్టు సుమారు 7 కోట్ల డాలర్లతో పిలిచినది. ఆయన పోలేదు. అరచుట, నేలమీద కాలు తన్నుట, న్యాయనిర్ణేతలతో కలహించుట మున్నగు ఆయన చేష్టలు నాకు నచ్చవు. గురుపీఠమున కూర్చుండవలసిన శాంతము ఆయనలో లేదు. కాని కదలకుండుట ఒక గుణము, దానికి నమస్కారము.

ఇప్పుడు అచట కలకలము వేరొకటి. విద్యార్థులు ఏటేట కళాశాల మారుచున్నారు, ధనము తీసికొనుచున్నారు, ఆట చెడినది అని పాతవారి విలాపము. ఆ 2024 తుదిపోరుల ఉత్తమక్రీడాకారుడు ట్రిస్టెన్ న్యూటన్ మరొక విశ్వవిద్యాలయమునుండి వచ్చినవాడే. క్యామ్ స్పెన్సర్‌కు అది మూడవ విద్యాలయము. 2021 జులై నుండి విద్యార్థులు తమ పేరుమీద ప్రకటనల ధనము తీసికొనవచ్చును. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము వలన విద్యాలయములే క్రీడాకారులందరికి కలిపి ఏటా 2 కోట్ల డాలర్ల పైచిలుకు పంచవచ్చును. భృతి తీసికొని చదువు చెప్పువానిని, భృతి ఇచ్చి చదువుకొనువానిని స్మృతికారులు ఒకే బంతిలో నిందించినారు. కావున నేను పాతవారి పక్షము వహింతునని మా అబ్బాయి అనుకొన్నాడు.

వహింపను. మన పూర్వులలో విద్యార్థి వారములు చేసికొని చదివెడివాడు. ఒక్కొక్క దినము ఒక్కొక్క ఇంట అన్నము. అది బిచ్చము కాదు, ఊరు తన విద్యను పోషించుకొను విధానము. నేనును రెండేండ్లు వారములు తిన్నవాడనే. ఊరు పెట్టినది, దానిపై ఊరు లాభము గడింపలేదు. అమెరికాలో ఆ పిల్లల ఆటను టెలివిజనునకు అమ్మి ఏటా 100 కోట్ల డాలర్ల పైన వచ్చుచున్నది. శిక్షకునికి లక్షల డాలర్ల జీతము, ఆయన ఏ సంవత్సరమైన వేరొక విద్యాలయమునకు పోవచ్చును. పిల్లవాడు పోయినచో మాత్రము పూర్వము ఒక సంవత్సరము ఆడకుండ కూర్చుండవలెను. అందరును తినుచున్న పంక్తిలో వండినవానికి మాత్రము ఉపవాసము విధించి, దానికి నిష్కామమని పేరు పెట్టుట శాస్త్రము కాదు. ‘భక్తితో చేయు పనికి జీతమేల’ అను మాట అర్చకులమైన మేము చెవులార విన్నదే. ఆ మాట అనువాడు తన జీతమును ఏనాడును వదలుకొనడు.

విద్యాలయము మారుట కూడ దోషము కాదు. అవధూత 24 గురువులను ఆశ్రయించినాడు. ప్రతి వసంతమున వేలపాటలో ఎవరు అధికము పాడుదురో చూచి కదలుట మాత్రము తుమ్మెద పని కాదు, అంగడి పని. అయినను ఈ మూడు ఆటలలో నాకు కళాశాలల ఆటపైననే భరోసా అధికము. ఎందువలన? విద్యార్థులు నాలుగేండ్లకో, ఒక్క ఏటికో పోదురు. కట్టడము పోదు. అచట చదివిన లక్షలమంది, మా అబ్బాయితో సహా, తాము పోయినను దానిని విడువరు. జట్టును కొని మరొక రాష్ట్రమునకు తీసికొనిపోవు ధనికుడు రాలేడు, ఏలయన అది విశ్వవిద్యాలయపు అంగము. నీరు పారుచుండును, ఏరు అక్కడనే ఉండును.

ఇప్పటి పరిస్థితి ఇది. దేశపు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగు వాణిజ్యహక్కుల తగవులో చిక్కి, 2025లో సమయమునకు మొదలే కాలేదు. చివరకు 2026 ఫిబ్రవరి 14 అని తేదీ ప్రకటించినారు. మరునాడే మహాశివరాత్రి. ఆ దినములలో నాకు అన్నము తినుటకే తీరిక ఉండదు కావున, ఢిల్లీ జట్టు ఆడునది నేను చూడలేదన్న బాధయు ఉండదు.

ఊరి కుర్రవాండ్రు మాత్రము అడుగుచున్నారు, “పంతులుగారూ, ఇప్పుడు మన టీము ఏది?” అని. హైదరాబాదులో సొంత మైదానము నిర్మించుకొన్న శ్రీనిధి దక్కన్ జట్టును గూర్చి చెప్పినాను. విశాఖలో మొదలై వచ్చినదే అయినను, రెండవ శ్రేణి లీగులో 2022–23, 2023–24 రెండు సంవత్సరములును రెండవ స్థానమున నిలిచినది. నిజామాబాదు జిల్లా తండానుండి వచ్చిన గుగులోతు సౌమ్యను గూర్చి ఇంకను ఎక్కువసేపు చెప్పినాను. 2025 జులై 5న చియాంగ్ మాయిలో థాయిలాండును 2–1 తేడాతో ఓడించి ఆసియా కప్పునకు అర్హత పొందిన భారత మహిళాజట్టులో ఆమె కలదు. మార్చిలో ఆస్ట్రేలియాలో ఆ పోటీలు. అవి జాతర ముగిసిన తరువాతనే కావున తప్పక చూతును.

కుర్రవాండ్రు అంతా విని, చివరకు తమ పని చెప్పినారు. బడి మైదానములో గోలుస్తంభములు లేవు, రెండు వైపుల చెప్పులు పెట్టి ఆడుచున్నారు. బంతి చెప్పులపై నుండి పోయినదా, పక్కనుండి పోయినదా అని దినదినము తగవు. జాతర పందిళ్లకు పాతిన సరుగుడు కట్టెలలో ఆరు తమకు ఇప్పింపుమన్నారు. పందిళ్లు వేయువానితో చెప్పి ఉంచినాను. నిలువునకు నాలుగు, అడ్డమునకు రెండు. అడ్డము కట్టెలు కొంచెము పొడవైనవి ఏరి పక్కన పెట్టుమన్నాను.